గొలుసు దగ్గర పదకొండు నిమిషాలు

ఉతకడానికి తీసిన చొక్కా జేబులో గట్టిగా ఏదో తగిలింది. సువర్ణ చెయ్యి పెట్టి తీసింది. తాళంచెవి. దానికి ఎర్ర రిబ్బను ముక్క కట్టి ఉంది.

ఆ రిబ్బను కట్టింది కోడలు మమతే. పేట మొదట్లో రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనప గొలుసు తాళానిది అది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

ఆ గొంతు విని మమత పొయ్యి కట్టేసి పెరట్లోకి వచ్చింది. అత్తగారు చొక్కాని ఒక తడి చేత్తో గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. రెండో చెయ్యి చాపి గుప్పిట తెరిచింది.

"ఇది మీ మావయ్యగారి జేబులో ఎందుకుందమ్మా?"

మమత తాళంచెవి వైపు చూసింది.

నిన్నటినుంచి పేటలో అందరూ చెప్పుకుంటున్నది వేరు. మధ్యాహ్నం రెండు గంటలకి మూడో వీధి జగ్గారావుగారికి గుండెల్లో నొప్పొచ్చింది. అంబులెన్సు వచ్చి గొలుసు దగ్గర ఆగిపోయింది. పదకొండు నిమిషాలు. వాచ్‌మన్ త్రిమూర్తులు తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి పోవడం వల్లే ఇంత జరిగిందన్నారు. అతనూ కాదనలేదు. "ఆయ్, నేనే పట్టుకెళ్లిపోయేనండి" అని తల దించుకున్నాడు. జగ్గారావుగారి కొడుకు శివశంకర్ అందరి ముందూ చెంప మీద కొట్టినా ఆ తల ఎత్తలేదు.

జగ్గారావుగారిప్పుడు కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారు. ఇంకా కళ్లు తెరవలేదు.

"రోజూ ఒంటిగంట నించి మూడింటిదాకా ఈయన కదా కూర్చుంటారక్కడ," అంది సువర్ణ మెల్లగా. "నిన్న వెళ్లలేదని త్రిమూర్తులు చెప్పేడు. నేనూ నమ్మేను. నేను ఆ టైములో పడుకున్నాను కదా."

"అత్తయ్యా, ముందు మావయ్యగార్ని అడుగుదాం."

"వద్దు."

"అడక్కపోతే ఎలాగండీ?"

"అడక్కూడదు. నువ్వు ఇది చూళ్లేదు. నేనూ చూళ్లేదు." సువర్ణ తాళంచెవిని చీర కొంగులో ముడేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుంది.

ఇంతలో లోపల్నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. పేతురు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని గుమ్మంలోకి వచ్చారు. ముప్పయ్యారేళ్లు పిల్లలకి చదువు చెప్పిన మనిషి. ఇప్పటికీ చేతికి గడియారం లేకుండా గుమ్మం దాటరు.

"పేట సంఘం మీటింగు పదకొండింటికి కదూ? నేను రెడీ."

వాళ్లిద్దరి మొహాలూ చూసి ఆయన నవ్వారు. "ఏవిటలా నిలబడిపోయేరు?"

మమత ఉండబట్టలేకపోయింది. "మావయ్యగారూ, నిన్న మధ్యాహ్నం మీరు గొలుసు దగ్గరికి వెళ్లేరా?"

సువర్ణ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మాస్టారు ఆలోచించారు. కనుబొమలు ముడిపడ్డాయి, మళ్లీ విడిపోయాయి. "నిన్న ఆదివారం కదమ్మా. ఆరాధన అయ్యేక బెంజమిన్ గారింట్లో కాఫీ తాగేం. గొలుసు దగ్గరికి ఎందుకెళ్తాను?"

నిన్న గురువారం. బెంజమిన్ గారు చనిపోయి ఏడాది దాటింది.

కుళాయి కింద బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఎవరూ కట్టలేదు.

*

మాస్టారు పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లాక, సువర్ణ వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"నీకు ముందే తెలుసా?"

మమత గోడకి ఆనుకుంది. నెల రోజులుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట అది. పోయిన నెల ఒక సాయంత్రం మావయ్యగారు పాలకని వెళ్లి తిరిగి రాలేదు. స్కూటీ వేసుకుని ఊరంతా వెతికితే కొత్తపేట బస్సులు ఆగేచోట కనిపించారు. ఎప్పుడో ముప్పయ్యేళ్ల కిందట అద్దెకున్న ఇంటికి వెళ్లాలని బస్సు కోసం చూస్తున్నారు. మమతని చూడగానే అంతా గుర్తొచ్చి సిగ్గుతో ఏడ్చేశారు. "మీ అత్తయ్యకి చెప్పకమ్మా, భయపడుద్ది" అన్నారు. ఆమె చెప్పలేదు.

ఇప్పుడు చెప్పింది.

సువర్ణ పీట లాక్కుని కూర్చుంది. తర్వాత, "నాకు సంక్రాంతి ముందునించే తెలుసు," అంది. "రాత్రిపూట నన్ను వాళ్లమ్మ పేరు పెట్టి పిలుస్తారు. పొద్దున్నకి మామూలైపోతారు. నువ్వూ అబ్బాయీ కంగారు పడతారని నేను చెప్పలేదు."

"చెప్పుంటే ఆయనకి ఆ తాళం ఇచ్చేదాన్ని కాదు అత్తయ్యా!"

"మరి తెలిసిందానివి నువ్వెందుకిచ్చేవు?"

మమత దగ్గర జవాబుంది. కాని ఈ ఉదయం అది జవాబులా అనిపించలేదు.

కార్లు లేని పేట అనేది మమత ఆలోచన. రెండేళ్ల కిందట ఇదే వీధిలో వెనక్కి తీస్తున్న కారు ఒకటి ఆమె కూతురు హేమ కాలి మీదుగా పోయింది. మూడు ఆపరేషన్లయ్యాయి. ఇల్లు కట్టేవాళ్లకి ప్లాన్లు గీసి ఇవ్వడం మమత ఉద్యోగం. ఆ తర్వాత ఆమె కూర్చుని పేట మొత్తానికీ ప్లాను గీసింది. అరవై నాలుగు ఇళ్లు, మూడు వీధులు. కార్లన్నీ పేట మొదట్లో, మూతపడిన కొబ్బరి పీచు షెడ్డు స్థలంలో ఆపుకోవాలి. అక్కణ్నుంచి నడక. ముసలివాళ్లకీ సామాన్లకీ ఒక బ్యాటరీ ఆటో. అంబులెన్సొస్తే, ఫైరింజనొస్తే గొలుసు తీస్తారు. ఇంటింటికీ తిరిగి ఒప్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది. చివరికి సంఘం వాళ్లు, "ఒక నెల చూద్దాం, ఆ తర్వాత ఓటు వేసుకుందాం" అన్నారు.

మూడు వారాలు బాగానే నడిచింది. వీధిలో పిల్లలు ఆడుకున్నారు. హేమ గోడ పట్టుకోకుండా వీధి చివరిదాకా నడిచింది. ఇంట్లోంచి బయటికి రావడం మానేసిన మావయ్యగారు, త్రిమూర్తులు భోజనానికి వెళ్లే రెండు గంటలూ తాళం తను చూసుకుంటానన్నారు. ఆ మొహంలో వెలుగు చూసి మమత కాదనలేకపోయింది. రెండో తాళంచెవి చేయించాలని మాత్రం రోజూ అనుకుంది. రోజూ ఏదో పని అడ్డొచ్చింది.

"నా బుద్ధి తక్కువై ఇచ్చేను," అంది.

"అయిందేదో అయిపోయింది." సువర్ణ కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "త్రిమూర్తులు ఒప్పుకున్నాడు కదమ్మా. వాడికి మనం ఏదో ఒక సాయం చేద్దాం. మీ మావయ్యగార్ని మాత్రం నలుగుర్లో నిలబెట్టకు. పిచ్చోడంటారు. పిల్లలు వెనకాల పడి నవ్వుతారు. ఆ మనిషి తట్టుకోలేడు. నేనూ తట్టుకోలేను."

వీధి తలుపు చప్పుడైంది. మమత భర్త క్రాంతికుమార్ వచ్చాడు. నిన్నటినుంచి కాకినాడ ఆసుపత్రిలోనే ఉన్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఎలా ఉన్నారు?" అంది సువర్ణ.

"ఇంకా ఏమీ చెప్పట్లేదమ్మా." క్రాంతి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. "ఇంకో పది నిమిషాలు ముందు తీసుకొచ్చుంటే బాగుండేదని డాక్టరుగారన్నారు. శివశంకర్ అక్కడే ఉన్నాడు. విన్నాడు. త్రిమూర్తులు మీద పోలీసు కేసు పెడతానంటున్నాడు." కాసేపాగి భార్య వైపు తిరిగాడు. "మమతా, ఇవాళ మీటింగుకి నువ్వు రావద్దు. వాడు బస్సెక్కుతా నాతో ఒక మాటన్నాడు. 'మా నాన్నకి ఏదైనా అయితే మీ ఆవిడ ఈ పేటలో ఎలా తిరుగుద్దో చూస్తాను' అన్నాడు. వాడి మొహం చూస్తే నాకు భయమేసింది."

తాళంచెవి సంగతి అతనికి చెప్పాలి. మమత నోరు తెరవబోయి అత్తగారి వైపు చూసింది. సువర్ణ కొంగు ముడి మీద చెయ్యి వేసుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"త్రిమూర్తుల్ని ఒకసారి చూసి వస్తాను," అంది మమత.

*

వీధిలో అప్పుడే రెండు కార్లు వచ్చి ఆగి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం నుంచి గొలుసు నేల మీదే పడి ఉంది. దాన్ని మళ్లీ ఎత్తి కట్టే ధైర్యం ఎవరికీ లేదు. షెడ్డు గోడ మీద అంటించిన ప్లాను కాగితాన్ని ఎవరో సగానికి చింపేశారు. పిల్లలెవరూ బయట లేరు.

ఒక ఇంటి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. మమత దగ్గరికి రాగానే మాటలు ఆపేశారు. ఆమె దాటి వెళ్లేదాకా ఆపే ఉంచారు. వెనక ఎవరో వస్తున్నట్టనిపించి రెండుసార్లు తిరిగి చూసింది. ఎవరూ లేరు.

త్రిమూర్తులు కాలవగట్టు మీద తన పాకలో ఉన్నాడు. చెంప ఇంకా వాచే ఉంది. మమతని చూసి లేచి నిలబడ్డాడు.

"మీరెందుకొచ్చేరమ్మగారూ? ఎవరైనా చూత్తే బాగోదండి."

"తాళంచెవి మా ఇంట్లో ఉంది," అంది మమత.

అతను తలుపు పక్కనున్న చెంబు తీసి అటు పెట్టాడు, మళ్లీ ఇటు పెట్టాడు.

"ఏం జరిగిందో చెప్పు త్రిమూర్తులూ. నీకు దణ్ణం పెడతాను."

"నేను కూడు తినేసి కొంచెం తొరగానే వచ్చేనండి. దూరాన్నించే హారను ఇనబడతంది. పరిగెట్టుకొచ్చేను." అతను కాలవ వైపు చూస్తూ చెప్పాడు. "మేష్టారు గొలుసు దగ్గరే నిలబడి ఉన్నారండి. డ్రైవరు కేకలేత్తన్నాడు. ఈయనేమో 'ఆయ్, తీసేత్తన్నా, ఒక్క నిమిషం' అంటన్నారు. జేబులన్నీ ఎతుకుతున్నారండి. తాళంచెవి చేతిలోనే ఉంది. చేతిలో ఉందని ఆయనకే తెలట్లేదండి. చెమటలు పట్టేసి చొక్కా అంతా తడిసిపోయింది. ఆ డ్రైవరు కూడా ఇదిగో తీత్తారు, ఇదిగో తీత్తారు అనుకుంటా ఉండిపోయేడు. నేనొచ్చి లాక్కుని తీసేనండి. బండి లోపలికి పోయింది. నేను దాని ఎనకాల పరిగెట్టేను. తాళంలో ఉండిపోయిన చెవిని ఆయనే తీసుకునుంటారు."

"ఇంకెవరైనా చూశారా?"

"ఎండకండి. అందరూ తలుపులేసుకుని పడుకున్నారు."

"మరి నువ్వెందుకు తప్పు మీదేసుకున్నావు?"

"చిన్నప్పుడు మా అయ్య చచ్చిపోయేక నన్ను బడి మానిపించేత్తంటే మేష్టారే వచ్చి మా అమ్మతో పోట్లాడేరండి. టెన్త్ దాకా చదివించేరు." త్రిమూర్తులు గొంతు సవరించుకున్నాడు. "నాకేం ఫరవాలేదండి. రొయ్యల చెరువుల దగ్గరికి అల్లవరం పోతాను. కాపలా పనే కదండి, ఎక్కడైనా ఒకటే."

"పోలీసు కేసు పెడతానంటున్నాడు శివశంకర్."

ఆ మాట అతనికి కొత్త. ముంజేతితో మొహం తుడుచుకుని నిలబడిపోయాడు. చివరికి, "పెడితే పెట్టనివ్వండి," అన్నాడు.

*

కమ్యూనిటీ హాల్లో కుర్చీలు చాలక కుర్రాళ్లు గోడల వెంట నిలబడ్డారు. సంఘం ప్రెసిడెంటు కామేశ్వరిగారు తహసీల్దారు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ముందు టేబుల్ వెనక కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నారు. మొదటి వరసలో జగ్గారావుగారి భార్య చిన్నమ్మలు నిన్నటి చీరలోనే ఉంది. ఎవరు పలకరించినా పలకడం లేదు. ఆమె పక్కన శివశంకర్.

మమత చివరి వరసలో అత్తగారికీ భర్తకీ మధ్య కూర్చుంది. మాస్టారు ఆ చివర కూర్చున్నారు. ఆయన్ని ఇంట్లో ఉంచేద్దామని సువర్ణ శతవిధాలా చూసింది. ఆయన వినలేదు.

"నాకు రెండే కావాలండి," అన్నాడు శివశంకర్ లేచి. "ఒకటి, ఈ ప్లాను ఇవాళే రద్దవ్వాలి. మా నాన్న చావుబతుకుల్లో ఉంటే ఓటేంటండి? రెండు, ఈ త్రిమూర్తులు మీద కేసు పెట్టాలి. మీరు పెట్టకపోతే నేను పెడతాను."

"బండికి దారి లేని పేటేంటండీ అసలు!" అన్నారెవరో వెనకనుంచి.

"ఆవిడ కూతురికి దెబ్బ తగిలిందని అందర్నీ నడిపించింది!"

అరుస్తున్నదెవరో చూడ్డానికి కూడా మమత తల తిప్పలేకపోయింది. క్రాంతి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "లేవకు. ఏం మాట్లాడకు."

కామేశ్వరిగారు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. "త్రిమూర్తులూ, ఇలా ముందుకి రా. నిన్న రెండు గంటలకి తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరేనండి."

"మాస్టారుగారు నిన్న కూర్చోలేదా?"

"లేదండి. రాలేదండి."

"ఆయన రాకపోతే నువ్వెందుకెళ్లేవు?"

త్రిమూర్తులు తల దించుకున్నాడు. శివశంకర్ ఒక్క ఊపున అతని మీదికి వెళ్లాడు. నలుగురు లేచి పట్టుకున్నారు. "మా నాన్నని చంపేసేవు కదరా!"

అది విని చిన్నమ్మలు గట్టిగా ఏడ్చింది. నిన్నటినుంచి అదే మొదటిసారి.

మమత లేవాలనుకుంది. లేస్తే మావయ్యగారు ఇంక ఈ ఊళ్లో తలెత్తుకోలేరు. లేవకపోతే త్రిమూర్తులు జైలుకి పోతాడు. సువర్ణ వేళ్లు ఆమె మణికట్టు మీద బిగుసుకున్నాయి.

"త్రిమూర్తుల్ని వదిలెయ్యండి."

ఆ గొంతు ఒకప్పుడు క్లాసు మొత్తాన్నీ కూర్చోబెట్టిన గొంతు. హాలంతా వెనక్కి తిరిగింది. పేతురు మాస్టారు లేచి నిలబడి ఉన్నారు.

"వాడు అబద్ధం చెప్తున్నాడు. చిన్నప్పుడూ అంతే, పక్కవాడు తప్పు చేస్తే వీడు బెంచీ ఎక్కేవాడు." ఆయన నడిచి ముందుకి వచ్చారు. "నిన్న తాళంచెవి నా దగ్గరుంది. ఒంటిగంటకి త్రిమూర్తులు నా చేతికిచ్చి వెళ్లేడు. బండొచ్చింది. తియ్యాలని తెలుసు. ఎలా తియ్యాలో తెలీలేదు."

శివశంకర్‌ని పట్టుకున్నవాళ్లు చేతులు వదిలేశారు.

"ఎంతసేపు నిలబడ్డానో కూడా తెలీదు. చాలా భయమేసింది. అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు నాకు." మాస్టారు చిన్నమ్మలు వైపు తిరిగి చేతులు జోడించారు. "తప్పు నాదేనమ్మా. జగ్గారావుగారికి కూడా చెప్తాను. ఏరీ ఆయన? మీటింగుకి రాలేదా?"

చిన్నమ్మలు ఏడుపు ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. శివశంకర్ పిడికిళ్లు బిగించుకునే ఉన్నాడు. వాటిని ఎవరి మీద ఎత్తాలో ఇప్పుడు అతనికి తెలియడం లేదు.

కామేశ్వరిగారు కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. మాస్టారి వంక చూడలేక చివరి వరస వైపు చూశారు.

"ఒక్కటే అడుగుతాను. అడక్కుండా ఇది తేలదు. ఈయనకిలా ఉంటున్న సంగతి మీ ఇంట్లో ముందే తెలుసా?"

"తెలీదండీ," అన్నాడు క్రాంతి వెంటనే. "నాకిప్పుడే తెలుస్తోంది. మాకెవరికీ తెలీదండీ."

"సువర్ణగారూ?"

సువర్ణ కొంగు ముడి పట్టుకుంది. "తెలీదండీ."

"మమతా, నువ్వు చెప్పమ్మా. తాళం ఇచ్చింది నువ్వు."

తెలీదంటే అంతా అక్కడితో అయిపోతుంది. ముసలితనం, ఎవరి తప్పూ కాదు అంటారు. కేసు ఉండదు. ప్లాను కూడా నిలిచినా నిలుస్తుందేమో. క్రాంతి ఆమె వైపు చూసి తల ఊపాడు, తెలీదని చెప్పెయ్ అన్నట్టు. సువర్ణ చూడలేదు. కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. ప్రార్థన.

మమత లేచి నిలబడింది.

"తెలుసండి," అంది. "నెల రోజులుగా తెలుసు. తెలిసే ఇచ్చేను. రెండో తాళంచెవి చేయించకపోవడం కూడా నా తప్పేనండి."

క్రాంతి ఆమె మోచెయ్యి మీదనుంచి చెయ్యి తీసేశాడు.

కొంతసేపు ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది మమతకి. తర్వాత శివశంకర్ జేబులోంచి ఫోను తీసి, ఎవరికో నంబరు నొక్కుతూ బయటికి నడిచాడు. గోడల వెంట నిలబడ్డ కుర్రాళ్లు అతని వెనకాలే ఒక్కొక్కరూ వెళ్లారు.

సువర్ణ లేచింది. కోడలి ముందునుంచి నడిచి వెళ్లి భర్త చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెల్లగా గుమ్మందాకా వెళ్లారు. అక్కడ మాస్టారు ఆగి వెనక్కి చూశారు.

"అమ్మాయి రావట్లేదేంటి?"

సువర్ణ ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.